మూడో గేరు దగ్గర

లారీ షెడ్డు, ముందు బల్ల
వానలు మొదలైన వారం

ఇంజనీరమ్మ గారికి,

నువ్వు పంపిన రికార్డరు చేరింది. అగ్గిపెట్టెంత ఉంది. "ఇంత దానికి ఇంత డబ్బానా" అని అమ్మ డబ్బాని భద్రంగా దాచింది. రికార్డరు ఎక్కడ పడేసిందో ఒక పూటంతా వెతికాను.

ఫోన్లో మాట్లాడక ఈ ఉత్తరాలేమిటని అడుగుతావు. మనింట్లో ఫోను మోగితే నాన్న స్పీకర్లో పెట్టి, సౌండు చివరిదాకా పెంచి, బల్ల మధ్యలో పెడతాడు. నువ్వు బాగున్నావా అంటే ఎదురింటివాళ్లు బాగున్నామంటారు. ఇప్పుడు రాసేది ఎదురింటికి అక్కర్లేదు, బల్లకి అసలు అక్కర్లేదు.

నాన్న బండి నాన్న బండిలా మోగడం లేదు.

నవ్వకు. ఏళ్ల తరబడి వంటింటి కిటికీ దగ్గర నిలబడి, బండి మెయిన్ రోడ్డు వదిలి మన ఎత్తు ఎక్కడం మొదలుపెట్టగానే ఎవరిదో చెప్పి టీ పెడుతున్నదాన్ని. నాన్న బండిది బరువు గొంతు, కడుపులోంచి వస్తుంది. బాబాయి బండి సన్నగా ఈల వేసుకుంటూ వస్తుంది. నాన్నకి రెండు చెంచాల పంచదార, బాబాయికి చిటికెడు కూడా వద్దు. ఎప్పుడూ తప్పలేదు. ఈ మధ్య ఈల విని పంచదార లేని టీ పెడుతున్నాను, తీరా చూస్తే నాన్న దిగుతున్నాడు. ఒకసారి కాదు, ఇప్పటికి చాలాసార్లు.

ఆయన ఆ చేదు టీ తాగేసి గ్లాసు పక్కన పెట్టాడు. అమ్మ చూసి, "పిలిస్తే పలకడు, చేదైతే ఉలకడు, ఈ మనిషికి ఏది పోస్తే ఏముంది!" అంది.

ఒకే కంపెనీ, ఒకే ఇంజను, ఒకే వారంలో పక్కపక్క నంబర్లతో ఈ షెడ్డుకి వచ్చిన బళ్లు. అసలు మొదటి నుంచీ రెండు గొంతులు ఎందుకున్నాయి? ఉంటే ఉన్నాయి, ఇప్పుడు నాన్న బండి ఎందుకు మాట మార్చింది? నీ చదువుకి ఇన్నాళ్లకి ఒక పని చెబుతున్నాను.

అక్క

* * *

ఉద్యోగినుల హాస్టలు, కిటికీ తెరుచుకోని గది

టీ శాస్త్రవేత్తకి,

మా ఆఫీసులో ఏడాదిగా ఎవరూ అడగని మంచి ప్రశ్న అడిగావు. ఇక్కడ అందరికీ ఇంజను ఎంత గోల చేస్తోందన్నదే కావాలి, ఎవరిలా గోల చేస్తోందన్నది అక్కర్లేదు.

మా టెస్టు గది గోడల నిండా నురుగు ముళ్లు. లోపల మాట్లాడితే మాట పెదవి దాటగానే చచ్చిపోతుంది. మధ్యలో ఇంజను, చుట్టూ మైకులు, విలేకరుల మధ్య మంత్రిలా. మా పెద్దాయనని మేము సైలెన్సరు అంటాం. రోజుకి నాలుగు మాటలు మాట్లాడతారు, అందులో రెండు "ఊఁ"లు.

పెట్రోలు ఇంజనులోలాగా డీజిలు ఇంజనులో నిప్పురవ్వ ఉండదు. గాలిని నొక్కి నొక్కి వేడెక్కిస్తుంది. అందులోకి డీజిలు చిమ్మితే దానంతటదే అంటుకుంటుంది. చిమ్మడానికీ అంటుకోవడానికీ మధ్య ఒక చిన్న తడబాటు ఉంటుంది. ఆ తడబాటులో ఎంత డీజిలు పోగుపడితే అంత గట్టిగా ఒక్కసారి భగ్గుమంటుంది. మనం వినే టకటక అదే. డీజిలు చిమ్మే మూతి వెంట్రుకంత అరిగినా, చిమ్మే వేళ కాస్త ముందూ వెనకా అయినా ఆ టకటక మారిపోతుంది. పొద్దున్నే చల్లటి బండి ఎక్కువ కొట్టుకునేదీ అందుకే, తడబాటు పెరుగుతుంది గనక.

ఇది ఇంజను లోపలి సంగతి. బయట ఇంకా ఉన్నాయి. ఇంజను కింద రబ్బరు దిమ్మలు గట్టిపడితే వణుకంతా ఛాసిస్‌కి, అంటే బండి అడుగు చట్రానికి, ఎక్కి బండి మొత్తం మోగుతుంది. సైలెన్సరు అతుకు వదిలితే బొంగురుపోతుంది. ఇంజనులోకి గాలి తోసే టర్బో, దాని పైపు రవ్వంత లీకైనా ఈల వేస్తుంది. బాబాయి బండికి మొదటి నుంచీ ఉన్నది ఇదే అయ్యుంటుంది. ఒకే అచ్చులో పోసిన రెండు ఇంజన్లు కూడా అచ్చంగా ఒకటి కావు. మనిద్దరం ఒకే ఇంట్లో పెరిగాం. నీ గొంతు వింటే వీధి కుక్కలు లేస్తాయి, నాది వింటే మళ్లీ పడుకుంటాయి.

నువ్వు చెయ్యాల్సింది ఇది. బళ్లు బాగుచేసే మేస్త్రి చేత ఇవన్నీ చూపించు. తర్వాత కిటికీ దగ్గర, రోజూ అదే చోట రికార్డరు పెట్టి నాన్న బండి మోతనీ బాబాయి బండి మోతనీ అందులోకి ఎక్కించి, దాని మెమరీ కార్డు కవర్లో పెట్టి పంపు. ఫోన్లో రికార్డు చెయ్యకు. ఫోను మాటల కోసం చేసింది, ఇంజను కడుపులోంచి వచ్చే అడుగు గొంతుని కత్తిరించేస్తుంది.

నా సంగతి ఏముంది. రెండుసార్లు రాజీనామా రాసి చింపాను. కుర్చీ గిరగిరా తిరిగేదైతే ఇంకో ఏడాది ఉంటానేమో. ఇది తిరగదు.

చెల్లి

* * *

షెడ్డు వెనక, గ్రీజు డ్రమ్ము మీద

తిరగని కుర్చీకి,

మేస్త్రి ఒక పూటంతా బండి కింద ఉన్నాడు. కాళ్లు తప్ప ఏమీ కనపడలేదు. ఆ కాళ్లు కదులుతున్నాయో లేదో చూడ్డానికి అమ్మ రెండుసార్లు వచ్చి వెళ్లింది. బండిని మేస్త్రి దిగి చూసే గుంత మీదకి తీసిపెట్టింది నేనే. గేటు లోపలే కదా అన్నాను. అమ్మ కళ్లు మూసుకుంది.

రబ్బరు దిమ్మలు బాగున్నాయి. డీజిలు చిమ్మే మూతులు విప్పి పరీక్షకి పంపాడు, అవీ బాగున్నాయి. సైలెన్సరు అతుకు మాత్రం కాస్త వదిలింది, బిగించాడు. నేను సంబరపడి కిటికీ దగ్గర కూర్చున్నాను. సాయంత్రం మళ్లీ అదే ఈల, మళ్లీ నాన్నే.

నాన్నకి ఈ తతంగమంతా నచ్చలేదు. "బండి నాది. దాని ఒంట్లో ఏముందో నాకు తెలీదా? చిన్నది అక్కడ కూర్చుని చెబితే మీరు ఇక్కడ విప్పుతారా?" అన్నాడు. మేస్త్రి నవ్వి, "ఫ్యాను బెల్టు కూడా బిగించానండీ" అన్నాడు. "వచ్చే నెల చూద్దాంలే" అన్నాడు నాన్న. మేస్త్రి నా మొహంలోకి చూశాడు. "షెడ్డులో గోల కదండీ" అన్నాను నేను. ఆ వేళ షెడ్డులో మేం ముగ్గురమే ఉన్నాం, ఇంజను కూడా ఆపే ఉంది. ఇది ఎందుకు రాశానో నాకే తెలీదు. కొట్టేద్దామంటే పెన్ను ఆడట్లేదు.

కార్డు పంపుతున్నాను. ముందు నాన్న బండి, తర్వాత బాబాయిది. మధ్యలో వినిపించే కేకలు అమ్మవి. చెబితే మాట్లాడొద్దంటున్నానని అలుగుతుంది, అందుకే రికార్డరు పెట్టానని చెప్పలేదు.

అక్క

* * *

టెస్టు భవనం, క్యాంటీను మూల

అక్కా,

నీ చెవి సరిగ్గానే ఉంది. కార్డు కంప్యూటరులో పెట్టి చూశాను. నాన్న బండి టకటక మారలేదు. అడుగు గొంతు మారలేదు. మేస్త్రి కష్టం వృథా కాలేదు, ఇంజను శుభ్రంగా ఉంది. అయినా మోత మారింది.

మా దగ్గర ఒక పద్ధతి ఉంది. ఆఫీసులో ఎవరు దొరికితే వాళ్లని కూర్చోబెట్టి, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించి, మోత వినిపించి, ఎలా ఉందో ఒక్క మాటలో రాయమంటాం. నాన్న బండి ఎవరిదో చెప్పకుండా అందులో కలిపాను. లెక్కలు చూసే అమ్మాయి "తొందర" అని రాసింది. క్యాంటీను ఆవిడ "ఎవరినో తిడుతోంది" అంది. గేటు దగ్గరాయన హెడ్‌ఫోన్లు తీసి, "వీడు నన్ను గుద్దేలా ఉన్నాడమ్మా" అన్నాడు. సైలెన్సరు గారు కూడా విన్నారు. ఆయన అన్నది తర్వాత రాస్తాను.

రెండు పనులు చేసిపెట్టు. నాన్న, బాబాయి ఒక్క రోజు బళ్లు మార్చుకునేలా చెయ్యి. ఆ రోజు కిటికీ దగ్గరే ఉండు. రెండోది, నాన్న బండిలో ఆర్‌పీఎం మీటరు, అదే, ఇంజను ఎంత వేగంగా తిరుగుతోందో చూపించే ముల్లు, పనిచేస్తోందేమో చూడు.

ఎందుకని మాత్రం అడగకు.

చెల్లి

* * *

వంటింటి కిటికీ

ఎందుకని అడగొద్దన్నదానికి,

అడగను. చేశాను.

బాబాయికి నడుము నొప్పి వచ్చింది. వచ్చిందని నేను చెబితే ఆయన నమ్మాడు. "అన్నా, నీ సీటు నా నడుముకి నప్పుతుందేమో, ఓ రోజు మార్చుకుందాం" అని నాన్న ఎదురుగా నిలబడి అడిగాడు. "సీటు నప్పితే బండి అడుగుతావు, బండి నప్పితే షెడ్డు అడుగుతావు" అంటూనే నాన్న తాళం ఇచ్చాడు.

సాయంత్రం కిటికీ దగ్గర ఉన్నాను. బండి ఎత్తు ఎక్కడం మొదలుపెట్టింది. బరువు గొంతు, తొణక్కుండా, వీధి కుళాయి దగ్గరికి రాగానే ఊపిరి తీసుకున్నట్టు ఒక్క క్షణం ఆగి మూడో గేరులోకి పడింది. చాలా రోజుల తర్వాత నాన్న బండి నాన్న బండిలా వచ్చింది. రెండు చెంచాల పంచదార వేశాను.

దిగింది బాబాయి.

కాసేపటికి రెండో బండి. ఈల మీద ఈల. కుళాయి దాటినా ఇంకా రెండో గేరే, ఇంటి దాకా అరుచుకుంటూ వచ్చింది. దిగి, "మీ బాబాయి బండి మహా మెత్తగా ఉంది" అన్నాడు నాన్న. బాబాయి పంచదార టీ ఊదుకుంటూ తాగేశాడు.

మీటరు సంగతి. ముల్లు సున్నా దగ్గర పడుకుని ఉంది. అద్దాలు తుడిచే గుడ్డ దాని మీదే వేలాడుతుంది. బాగు చేయిద్దామా అని అడిగితే, "మీటరు చూసి గేరు మార్చేవాడు డ్రైవరు కాదు, గుమాస్తా" అన్నాడు నాన్న.

రెండు కార్డులూ పంపుతున్నాను. నేను అడగట్లేదు కదా. నువ్వే చెప్పు.

అక్క

* * *

హాస్టలు గది

అక్కా,

కార్డులు విన్నాను. ఈసారి ఎవరికీ వినిపించలేదు.

మోత చూసి ఇంజను వేగం చెప్పొచ్చు. లోపల డీజిలు సెకనుకి ఎన్నిసార్లు పేలుతోందో ఆ లెక్కని బట్టి కంప్యూటరులో ఒక గీత వస్తుంది. వేగం పెరిగే కొద్దీ గీత ఎక్కుతుంది, గేరు మార్చగానే కిందికి పడుతుంది. మళ్లీ ఎక్కుతుంది. రంపం పళ్లలా ఉంటుంది. నాన్న బండిని బాబాయి తోలినప్పుడు పళ్లు పొట్టిగా, సమంగా ఉన్నాయి. బాబాయి తోలడం నేర్చుకున్నది నాన్న పక్కన కూర్చునే. ఏ బండయినా నాన్న తోలితే పళ్లు నిడుపుగా, ఇంజను ఇంక తిరగలేనంత దాకా సాగి ఉన్నాయి. అంత వేగంలో ఏ టర్బో అయినా ఈల వేస్తుంది. నువ్వు వింటున్న ఈల బండిది కాదు.

సైలెన్సరు గారు అన్నది అప్పుడు రాయలేదు. విని, హెడ్‌ఫోన్లు బల్ల మీద పెట్టి, "ఇంజనుకేం లేదు. డ్రైవర్ని చూపించండి" అన్నారు. ఆయన ఆ రోజు మాట్లాడింది అంతే. నాకు అప్పుడే అర్థమైంది. అయినా నీతో బళ్లు మార్పించాను. ఇంకో పరీక్ష చేస్తే ఇంకో కారణం దొరుకుతుందనుకున్నాను.

నాన్నకి చెవి వినపడట్లేదు అక్కా.

ఇంజను పక్కన, కిటికీ తెరిచి, ఇన్నేళ్లు కూర్చున్న చెవి పై గొంతుల నుంచి మొదలై పోతుంది. ముందు ఈలలు, బుసలు, కీచుమనేవి పోతాయి. అడుగు గొంతులు ఉంటాయి, అందుకే అంతా వినపడుతున్నట్టే అనిపిస్తుంది. ఇంజను అరుపులో పై సగం ఆయనకి చేరట్లేదు. అది ఇంకా మెల్లగా తిరుగుతోందనుకుని గేరు మార్చట్లేదు. ఆయన గుమాస్తా కాదు. చెవితో మార్చే మనిషి, ఆ చెవే లేదు.

గేరుతో అయిపోతే బాధ లేదు. బ్రేకులు పట్టించే గాలి పైపు చిట్లితే వచ్చే బుస కూడా ఆ పై సగంలోనే ఉంటుంది. గాలి తగ్గిందని మొత్తుకునే బజరు కూడా. లోడుతో కొండ దిగేటప్పుడు ఆ రెండూ వినపడని మనిషి ఆ సీట్లో ఉండకూడదు.

నీకు ముందే తెలుసా?

చెల్లి

* * *

లారీ క్యాబిన్, పక్క సీటు

నీకు,

పోస్టుమాన్ నీ ఉత్తరం నాన్న చేతికే ఇచ్చాడు. ఆయన విప్పలేదు. తెచ్చి నాకిచ్చి, "చిన్నది ఏం రాసింది?" అన్నాడు. చదివాను, ఆయన ఎదురుగానే. "కుర్చీ మార్చారట" అన్నాను. "తిరుగుతుందా?" అన్నాడు. తిరుగుతుందన్నాను. ఆయనకి ఎంత సంతోషమో.

నీకెంత తేలిగ్గా ఉంది! రంపం పళ్లట. ఆ సీట్లో ఉండకూడదట. గీత గీసి కింద సంతకం పెట్టేశావు. నువ్వు అక్కడ మూత బిగించిన గదిలో కూర్చుని వింటావు, నేను ఇక్కడ ఆ మనిషి ఎదురుగా నిలబడి మాట్లాడతాను. ఎదురుగానే ఎందుకో ఇప్పుడు నీకు తెలుసు. వెనక నుంచి పిలవడం మానేసి చాలా కాలమైంది.

అవును, తెలుసు. ఎండాకాలం నుంచీ తెలుసు. లోడు లెక్కలు నేను చూసుకుంటానని చెప్పి కొండ దారికి వెళ్లినప్పుడల్లా పక్కన ఎక్కి కూర్చుంటున్నాను. ఈ ఉత్తరం అక్కడి నుంచే రాస్తున్నాను. ఆయన కిందికి దిగి టైర్లు తట్టి చూసుకుంటున్నాడు.

ఒక ట్రిప్పులో, సిమెంటు లోడుతో దిగుతున్నాం. నా కాళ్ల దగ్గర బుస మొదలైంది. ఆయన కులాసాగా పాత పాట ఏదో కూనిరాగం తీస్తున్నాడు. చేయి పట్టుకుని, "నాన్నా, బండి ఆపు, అర్జెంటుగా వెళ్లాలి" అన్నాను. "ఇప్పుడా? ఇందాక హోటలు దగ్గర ఏం చేశావే?" అని తిట్టుకుంటూ మలుపు ముందు పక్కకి తీసి ఆపాడు. నేను రాళ్ల వెనక్కి వెళ్లి ఊరికే నిలబడ్డాను. తిరిగి వచ్చేసరికి ఆయన బండి కింద పైపు పట్టుకుని ఉన్నాడు, గాలి ఆయన మొహం మీదే కొడుతోంది. నా వంక చూశాడు. మేస్త్రి వచ్చి పైపు మార్చేదాకా రోడ్డు పక్కనే కూర్చున్నాం. ఆయన మళ్లీ పాట పాడలేదు.

ఆయనకి తెలుసని నాకు తెలుసు. నాకు తెలుసని ఆయనకి తెలుసో లేదో తెలీదు. అందుకే బండి ఎందుకు మారిందో నిన్నడిగాను. ఇంజనులో ఏదైనా ఉందంటావేమోనని ఆశపడ్డాను.

ఆయన కొండ దిగడం మానాలి, నాకూ తెలుసు. చెప్పడానికి నోరు రావట్లేదు. ఈ సీట్లో తప్ప ఆయన కుదురుగా కూర్చోగా నేను చూడలేదు. సినిమాకి వెళ్లినా కాలు బ్రేకు మీద పెట్టినట్టే ఉంటుంది. వానలు తగ్గగానే కొండ లోడు ఒప్పుకున్నాడు. అది సరుకు కాదు, మిషన్లు. సిమెంటు కన్నా బరువు.

వస్తున్నాడు. ఆపుతాను.

అక్క

* * *

టెస్టు భవనం మెట్లు

అక్కా,

నీ కోపం అందింది. అందులో చాలావరకు నాకు చెందిందే, ఉంచుకున్నాను. దూరం నుంచి వినడం తేలికే. అందుకే ఈ పని దొరికింది నాకు.

చెవి గురించి చెబితే నాన్న ఒప్పుకోడు. ఎవరూ ఒప్పుకోరు, చెవి తన లోటు తనకి వినిపించదు. కానీ గేరు గురించి చెబితే? గేరు విషయంలో ఆయన ఎవరినీ క్షమించినవాడు కాదు. పక్క బండివాడు క్లచ్చు నలిపితే కిటికీలోంచి తల బయట పెట్టి తిట్టేవాడు.

ఒక కాగితం పంపుతున్నాను. రెండు రంపాలు ఉన్నాయి. పైది బాబాయి నాన్న బండిని ఎత్తు ఎక్కించినప్పటిది. కిందది నాన్న, అదే బండి, అదే ఎత్తు. ఎక్కడ మెయిన్ రోడ్డు మలుపో, ఎక్కడ కుళాయో, ఎక్కడ మన గేటో రాశాను. ఎవరు తోలారో రాయలేదు. ఆయన చేతికిచ్చి, ఏమిటో చెప్పు, అంతే. మిగతాది ఆయనే చూసుకుంటాడు.

మోసం అంటే మోసమే. నీ రాళ్ల వెనక మోసం కన్నా పెద్దది కాదు.

ఇంకొకటి. కుర్చీ నిజంగానే మార్చారు. ఇది తిరుగుతుంది. నాన్నకి అబద్ధం చెప్పలేదు నువ్వు.

చెల్లి

* * *

వంటింటి బల్ల
వానలు తగ్గాక

చెల్లీ,

అయింది.

ఆదివారం, అందరం ఇంట్లోనే ఉన్నాం. కాగితం బల్ల మీద పెట్టాను. "చిన్నది పంపింది. బండి ఎత్తు ఎక్కుతుంటే ఇంజను ఎలా తిరిగిందో గీత. పడ్డ చోటల్లా గేరు మారినట్టు" అన్నాను, ఎదురుగా నిలబడి. నాన్న కళ్లజోడు పెట్టుకున్నాడు. వేలితో పై వరస మీద నడుచుకుంటూ వెళ్లాడు. కుళాయి దగ్గర వేలు ఆగింది.

"వీడు మా వాడే. ఇలా మార్చమని వీడికి చెప్పింది నేనే" అన్నాడు బాబాయిని చూసి. బాబాయి పైకప్పు చూస్తున్నాడు.

వేలు కింద వరసకి దిగింది. మలుపు దాటింది. కుళాయి దాటింది.

"మార్చడేంట్రా వీడు! ఇంజను గొంతు పిసుకుతున్నాడు. ఇదేం తోలడం? వీడికి మన బండి ఎవరిచ్చారే? చెప్పండి, ఎవడు వీడు?"

బాబాయికి పైకప్పు చాలలేదు, గోడ కూడా చూశాడు.

"నువ్వేనయ్యా" అంది అమ్మ.

ఆయన వెనక నిలబడి అంది. ఆయన కాగితం మీదే ఉన్నాడు, ఇంకా ఆ డ్రైవర్ని తిడుతూనే ఉన్నాడు. అమ్మ చేతిలో గ్లాసులు కింద పెట్టి, బల్ల చుట్టూ తిరిగి వచ్చి, ఆయన ముందు నిలబడి మళ్లీ అంది. "నువ్వే."

అమ్మకి కూడా తెలుసు. పలకడు ఉలకడు అని ఊరంతా వినేలా దెప్పుతూ వచ్చింది అందుకేనేమో. వేరే కారణం ఎవరూ వెతక్కుండా.

నాన్న వేలిని మళ్లీ కుళాయి దగ్గరికి తెచ్చాడు. "కుళాయి దగ్గర మార్చట్లేదా నేను?" అని నన్నే అడిగాడు.

"లేదు నాన్నా."

"గేటు దాకా?"

"గేటు దాకా."

కళ్లజోడు తీసి, మడిచి, జేబులోంచి తాళం తీసి కాగితం మీద పెట్టాడు. "మిషన్ల లోడు నువ్వు వెయ్యి" అన్నాడు బాబాయితో. లేచి షెడ్డులోకి వెళ్లి గేటు వేసుకున్నాడు. ఎవరం వెళ్లలేదు. వెళ్లినా గేటు తట్టడం వినపడదు కదా అని అమ్మే అంది, నవ్వకుండా.

చెవి డాక్టరుకి చూపించాం. పై సగం పోయింది, నువ్వు రాసినట్టే. చెవి మిషను ఇచ్చారు. పెట్టుకుని అమ్మ మాట్లాడింది విని, "ఇంత మాట్లాడుతుందా ఈవిడ?" అన్నాడు. క్యాబిన్‌లో పెట్టుకుంటే అన్నీ కలిసి ఒక్కటే మోతైపోతున్నాయని తీసి జేబులో వేసుకుంటున్నాడు. లోడు బండి మాత్రం మళ్లీ ముట్టుకోలేదు. కొన్నాళ్లు షెడ్డులో బండికి వీపు పెట్టి కూర్చున్నాడు. బాబాయి తోలుతుంటే పక్కన కూర్చోమన్నాం. "వాడికి నేనెందుకు? వాడికి అన్నీ వచ్చు" అన్నాడు.

తర్వాత ఏమైందో రాయను. కార్డు పెడుతున్నాను. ఈసారి రికార్డరు కిటికీ దగ్గర కాదు, క్యాబిన్‌లో పెట్టాను. నాన్న బండే. ఇంజను నీకు తెలిసిందే. ఏం మారిందో విని చెప్పు.

అక్క

* * *

టెస్టు గది లోపల, తలుపు మూసి

అక్కా,

ముందు మామూలుగా విన్నాను. ఖాళీ బండి. టకటక మనదే, రబ్బరు దిమ్మలు బాగున్నాయి, సైలెన్సరు అతుకు నిలిచింది. తోలుతున్నది నాన్న కాదు, బాబాయి కాదు. మొదటి గేరులో అక్కర్లేనంత సేపు ఉన్నారు. క్లచ్చు వదిలేటప్పుడు బండి ఒక్కసారి ఎగిరింది, ఎవరో పళ్లు కొరుక్కున్నారు. తిట్లు తిట్టుకోవడం కూడా వినపడింది. ఆ గొంతుకి కుక్కలు లేస్తాయి.

గేటు లోపలే తిప్పుతున్నావనుకున్నాను ఇన్నాళ్లూ. ముందూ వెనకా నేర్చుకునేవాళ్ల పలక తగిలించే ఉంటావులే.

ఒక్కటి మాత్రం అర్థం కాలేదు. ప్రతి గేరుకీ ముందు ఒక చప్పుడు ఉంది. "దబ్" మని, పొట్టిగా, రేకు మీద కొట్టినట్టు. ఇంజను వేగంతో పెరగట్లేదు, తగ్గట్లేదు. ఇంజనులో ఏది వదులైనా ఇంజనుతో పాటు వేగం మార్చుకుంటుంది, ఇది మార్చుకోవట్లేదు. గీత తీసి చూశాను. ఆ చప్పుడు పడ్డ చోటల్లా ఇంజను ఒకే వేగంలో ఉంది, సరిగ్గా బాబాయి మార్చే చోట, వెనకటికి నాన్న మార్చే చోట. వెంటనే నువ్వు గేరు మార్చావు.

సైలెన్సరు గారు వెనక నిలబడి విన్నారు. "ఇంజను మూత మీద ఏదో కొట్టుకుంటోంది. ఏమిటది?" అన్నారు.

రెండు సీట్ల మధ్య ఆ ఇంజను మూత ఎంత వణుకుతుందో నాకు తెలుసు. చిన్నప్పుడు దాని మీద కూర్చోబెడితే పళ్లు టకటకలాడేవి. చెవి అక్కర్లేదు దానికి, అరచెయ్యి పెడితే చాలు.

"మా నాన్న చెయ్యి" అన్నాను.

ఆయన "ఊఁ" అన్నారు. వెళ్లిపోతారనుకున్నాను, కుర్చీ లాక్కుని కూర్చున్నారు. మళ్లీ మొదటి నుంచి పెట్టాను.

మెయిన్ రోడ్డు మీద ప్రతి గేరుకీ చప్పుడు ఉంది. ఒకచోట నువ్వు మార్చడం ఆలస్యమైతే రెండుసార్లు, రెండోది గట్టిగా. తర్వాత మన మలుపు వచ్చింది. బండి నెమ్మదించింది, ఎత్తు ఎక్కడం మొదలుపెట్టింది. ఇంజను వేగం పెరిగింది. కుళాయి కింద ఎవరో బిందె పెట్టారు, నీళ్ల చప్పుడు వినపడింది. నేను చప్పుడు కోసం చూస్తున్నాను. సైలెన్సరు గారూ చూస్తున్నారు.

మూడో గేరు పడింది, సరిగ్గా వెనకటికి నాన్న మార్చే చోటే.

ముందు ఏ చప్పుడూ లేదు.

చెల్లి